సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన ప్రముఖ ఫుట్‌బాల్ శిక్షకుడు, ఉపాధ్యాయుడు. క్రీడాభిమానులు ఆయనను రహీం సాహెబ్ అని గౌరవంగా పిలిచేవారు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల్లో స్వర్ణపతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడల్లో సెమీఫైనల్ చేరి నాలుగవ స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే. భారత ఫుట్‌బాల్‌లో ఎవరు గొప్ప ఆటగాడు అన్న వాదన వచ్చినపుడు చెప్పుకొనే పేర్లలో చాలావరకు ఆయన శిష్యులవే. అయితే గోల్స్ లెక్కలతో సాగే ఆ వాదనల్లో ఆయన పేరు వినిపించడం అరుదు.

తొలి జీవితం

రహీం నిజాం పాలనలోని హైదరాబాదు నగరంలో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రుడై ఉపాధ్యాయ వృత్తిని చేపట్టాడు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేశాడు. ఆ తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పాఠశాలల్లో ఆటల బాధ్యత స్వీకరించాడు. విద్యార్థి దశనుండే ఆయన మంచి ఫుట్‌బాల్ ఆటగాడు. ఉస్మానియా విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ఏర్పరచుకొన్న జట్టులోను, స్థానిక లీగుల్లో ఖమర్ క్లబ్బు తరఫునా ఆడాడు. కాని ఆటగాడిగా ఆయనకు వచ్చిన పేరు నగరం దాటలేదు.

అప్పటికే నగరంలో ఫుట్‌బాల్ బాగా వేళ్ళూనుకొంది. పాతనగరపు దక్షిణ అంచున, నిజాం సైన్యంలోని అరబ్బు సిపాయిల బారకాసులుగా మొదలైన బార్కస్ ప్రాంతం నేటికీ క్రికెట్ కంటే ఫుట్‌బాల్‌కే పేరు పొందింది. పోలీసుశాఖ, సైనిక దళాలు, విద్యాసంస్థలు జట్లను పోషించేవి. ఆటకు పేరున్నా దానిని నడిపే యంత్రాంగం మాత్రం చెదురుమదురుగా ఉండేది. రహీం 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. మరణించేవరకు, అంటే ఇరవై ఏళ్ళపాటు, ఆ పదవిలో కొనసాగాడు.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు

నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్ తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు 1950లో రహీం శిక్షకుడయ్యాడు. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమై అప్పటికి రెండేళ్ళు మాత్రమే అయింది. దేశ విభజన తరువాత మొదటిసారిగా 1950లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు ఫైనల్లో ఈ జట్టు కలకత్తాకు చెందిన మోహన్ బగాన్‌ను ఓడించింది. కలకత్తా క్లబ్బులే దేశపు ఫుట్‌బాల్ అని భావించే రోజులలో ఇది చిన్న విషయం కాదు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు సిటీ పోలీసు జట్టే గెలుచుకొంది. డ్యూరాండ్ కప్పు 1954లోను, 1957లోను మళ్ళీ హైదరాబాదుకు వచ్చింది. 1961లో అదే జట్టు ఆంధ్ర ప్రదేశ్ పోలీసు పేరుతో ఆ కప్పును గెలిచింది. జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీలో హైదరాబాదు 1956, 1957 సంవత్సరాలలో విజేతగా నిలిచింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం రద్దయినా, ఫుట్‌బాల్ మైదానంలో ఆ పేరు మరికొంత కాలం బ్రతికింది.

శిక్షణా విధానం

రహీం ముందుగా ఉపాధ్యాయుడు, ఆ తరువాతే శిక్షకుడు. అది ఆయన పద్ధతిలో కనిపిస్తుంది. బంతిని ఎక్కువసేపు కాళ్ళదగ్గర ఉంచుకొని ప్రత్యర్థులను ఒక్కొక్కరినే తప్పించుకుపోయే ఆటగాడికి అప్పట్లో ప్రేక్షకుల చప్పట్లు దండిగా దొరికేవి. రహీం ఆ అలవాటును మాన్పించి, బంతి అందగానే ఒక్క తాకుతో తోటివానికి పంపి ఖాళీ చోటికి పరుగెత్తడం నేర్పాడు. కుడికాలి ఆటగాళ్ళు ఎడమకాలితోను, ఎడమకాలి ఆటగాళ్ళు కుడికాలితోను మాత్రమే ఆడాలన్న నియమంతో ప్రత్యేకంగా పోటీలు పెట్టించాడు. పిల్లలకు చెయ్యి తిరగడానికి ఉపాధ్యాయుడు చూచివ్రాత వ్రాయించినట్లే ఇదీను.

దేశవాళీ పోటీల్లో చాలావాటిని 70 నిమిషాలే ఆడించే కాలమది. అంతర్జాతీయ పోటీలో 90 నిమిషాలు ఆడవలసి వచ్చేసరికి చివరి ఇరవై నిమిషాల్లో మన ఆటగాళ్ళు డస్సిపోయేవారు. అందుకే ఆయన దేహదారుఢ్యానికి పెద్దపీట వేశాడు.

ఆటగాళ్ళ కూర్పులోనూ ఆయన కాలంతో నడిచాడు. ఇద్దరు రక్షకులు, ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉండే పాత పద్ధతి ఐరోపాలో అప్పటికే మూలబడింది. 1953లో వెంబ్లీ మైదానంలో హంగరీ జట్టు ఇంగ్లాండును 6-3తో ఓడించినపుడు, సెంటర్ ఫార్వర్డ్ వెనక్కు జరిగి ఆడడం ఎంత ప్రమాదకరమో లోకానికి తెలిసింది. 1958 ప్రపంచకప్పులో బ్రెజిల్ నలుగురు రక్షకులు, ఇద్దరు మధ్యవారు, నలుగురు ఫార్వర్డ్‌ల కూర్పుతో గెలిచింది. 1962 నాటికి భారత జట్టు ఆడినది ఈ కూర్పుతోనే. బ్రెజిల్ కంటే ముందే రహీం దీనిని కనిపెట్టాడని కొందరు అభిమానులు వాదిస్తారు. కాని ఆయన గొప్పతనానికి ఆ వాదన అవసరం లేదు. సమాచార సాధనాలు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో, బూట్లు అలవాటు లేని ఆటగాళ్ళతో, అంత త్వరగా కొత్త పద్ధతిని ఆడించగలగడమే అరుదైన విషయం.

భారత జట్టు శిక్షకుడిగా

1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ 1-0తో ఇరాన్‌ను ఓడించింది. గోల్ చేసినవాడు సాహు మేవాలాల్, నాయకుడు శైలేన్ మన్నా. మరుసటి సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్ క్రీడల్లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోర పరాజయం ఎదురయింది. చలిప్రదేశంలో మన ఆటగాళ్ళలో పలువురు బూట్లు లేకుండా ఆడారు. ఆ తరువాతనే దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నాలుగేళ్ళ తరువాత మెల్‌బోర్న్‌లో హంగరీ తప్పుకోవడంతో భారత్ నేరుగా రెండవ దశకు చేరింది. 1956 డిసెంబరు 1న ఆతిథ్య ఆస్ట్రేలియాపై 4-2తో గెలిచింది. ఆ పోటీలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్లో మళ్ళీ యుగోస్లావియాయే ఎదురయింది. విరామం తరువాత మొదటి గోల్ భారత్‌దే. చివరకు 4-1తో ఓడిపోయినా, పది గోల్స్ ఇచ్చిన జట్టు నాలుగేళ్ళలో ఎంత మారిందో ఆ పోటీ చూపించింది. కాంస్యపతక పోటీలో బల్గేరియా 3-0తో గెలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాదీలు ఉన్నారు.

1960 రోమ్ ఒలింపిక్ క్రీడల్లో భారత్ హంగరీ చేతిలో 2-1తో, పెరూ చేతిలో 3-1తో ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమం చేసింది. భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్ క్రీడల్లో ఆడడం అదే చివరిసారి.

జకార్తా, 1962

రహీం జీవితంలో అతి పెద్ద విజయం, చివరి విజయం జకార్తా ఆసియా క్రీడల్లోనిది. అప్పటికే ఆయనను క్యాన్సర్ వ్యాధి పీడిస్తోంది. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయిలాండ్‌పై 4-1తో, జపాన్‌పై 2-0తో గెలిచినా, థాయిలాండ్‌తో పోటీలో రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. కుట్లతో ఉన్నవాడిని వెనుక ఉంచితే బంతిని తలతో అడ్డుకోవలసి వస్తుంది. అతడిని పక్కన పెట్టాలన్నా రహీంకు మనసొప్పలేదు. చివరకు సెమీఫైనల్లో అతడిని సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. దక్షిణ వియత్నాంపై భారత్ 3-2తో గెలిచిన ఆ పోటీలో జర్నైల్ ఒక గోల్ చేశాడు.

మైదానం వెలుపల పరిస్థితి ఇంకా కష్టంగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆతిథ్య దేశం రానివ్వకపోవడంతో, వీటిని ఆసియా క్రీడలని పిలవరాదని భారతదేశానికి చెందిన క్రీడాధికారి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పాడు. దానితో జకార్తా ప్రజల ఆగ్రహం భారతీయులందరిపైకి మళ్ళింది. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో, కిక్కిరిసిన స్టేడియం భారత జట్టును ఎగతాళి చేస్తుండగా, మళ్ళీ దక్షిణ కొరియాయే ఎదురయింది. 1956, 1960 ఆసియా కప్పులు రెండూ గెలిచిన జట్టది. జ్వరం నుండి కోలుకొంటున్న పీటర్ తంగరాజ్‌ను రహీం గోల్‌కీపర్‌గా దించాడు. తొలి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోల్ చేశారు. కొరియా చివర్లో ఒక గోల్ చేసినా భారత్ 2-1తో నెగ్గింది. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం రాలేదు.

శిష్యుల పోలిక

పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం - ఈ ముగ్గురిలో ఎవరు గొప్ప అన్నది భారత ఫుట్‌బాల్ అభిమానుల మధ్య దశాబ్దాలుగా తెగని వాదన. బాస్కెట్‌బాల్ అభిమానులకు ఇటువంటి వాదనల్లో పట్టికల ఆసరా ఉంటుంది. ఎవరు ఎన్ని పాయింట్లు చేశారో, ఎన్ని బంతులు అందించారో, ఎన్ని తిప్పికొట్టారో అందులో వ్రాసి ఉంటుంది. 1950ల నాటి ఫుట్‌బాల్‌కు మిగిలినది గోల్ చేసినవారి పేర్లు మాత్రమే. ఆ లెక్కతో చూస్తే, గోల్‌కు ముందు బంతి ఎవరి కాలినుండి వచ్చిందో, ఎవరు పరుగెత్తి రక్షకుడిని పక్కకు లాగారో తెలియదు. రహీం నేర్పిన ఆట అంతా ఆ కనబడని పనిలోనే ఉంది.

ముగ్గురూ ఒకే శిక్షకుని క్రింద, ఒకే జట్టులో ఆడారు కనుక పోలిక సులభమని అనిపిస్తుంది. అక్కడా చిక్కే. బెనర్జీ కుడివైపున వేగంతో దూసుకుపోయి గట్టిగా కొట్టేవాడు. గోస్వామి నేర్పుతో రక్షకులను ఏమార్చేవాడు. బలరాం అవసరాన్నిబట్టి ముందు వరుసలో ఎక్కడైనా ఆడి, వెనక్కు వచ్చి బంతిని అందుకొని ఇతరులకు దారి చేసేవాడు. వీరిలో బలరాం పని పట్టికలో అన్నిటికంటే తక్కువగా కనిపిస్తుంది. అయినా రోమ్‌లో హంగరీపై, పెరూపై గోల్స్ చేసినవాడు అతడే. ఇక జర్నైల్‌ను ఏ పట్టికలో చేర్చాలి? రక్షకునిగా ఆసియాలో పేరు పొందినవాడు, తల కుట్లతో ఫైనల్లో గోల్ చేశాడు.

కీర్తిలో తేడాకు ఆట ఒక్కటే కారణం కాదు. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో 1936లో పుట్టిన బలరాం పేదకుటుంబానికి చెందినవాడు. సాధనకు రావడానికి అద్దె సైకిలుకు రహీం తన డబ్బులిచ్చేవాడు. తరువాత అతడు కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. 1962లో అర్జున పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాదే అనారోగ్యంతో, చిన్న వయసులోనే ఆట మానుకొన్నాడు. గోస్వామికి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ లభించింది. బలరాంకు ఆ గౌరవం దక్కలేదన్న బాధ హైదరాబాదు అభిమానుల్లో ఇప్పటికీ ఉంది. అతడు 2023 ఫిబ్రవరిలో మరణించాడు. ఆడిన కాలం తక్కువ కావడం, సొంతనగరం వదలిపోవడం ఏ ఆటగాడి విలువనూ తగ్గించవు, కాని జ్ఞాపకాన్ని తప్పక తగ్గిస్తాయి.

మరణం, వారసత్వం

జకార్తా విజయం తరువాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, 53 ఏళ్ళ వయసులో రహీం మరణించాడు. ఆయన వేసిన పునాదిపై ఆంధ్ర ప్రదేశ్ 1965లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్, శిక్షకులలో ఒకరు హైదరాబాదుకే చెందిన జి.ఎం.హెచ్. బాషా. అటుపిమ్మట నగరంలో ఫుట్‌బాల్ క్రమంగా క్షీణించింది. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మాత్రమే మొదలయింది కనుక రహీంకు అది అందే అవకాశమే లేదు. ఆయన అడుగుజాడల్లో శిక్షకుడైన నయీముద్దీన్‌కు 1990లో అది లభించింది.

రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్ జట్టు సభ్యుడు. తరువాత అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడిగా పనిచేశాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొందిన ఆయన 2021 ఆగష్టులో మరణించాడు. రహీం జీవితం ఆధారంగా అమిత్ శర్మ దర్శకత్వంలో, అజయ్ దేవగన్ ప్రధాన పాత్రధారిగా నిర్మించిన మైదాన్ అనే హిందీ చిత్రం 2024 ఏప్రిల్‌లో విడుదలయింది. చిత్రంలో కథకోసం కొన్ని మార్పులు చేసినా, కొత్త తరంలో చాలామంది రహీం పేరు మొదటిసారి విన్నది దానిద్వారానే.