చీటీ మీద మూడు ముక్కలు

1945 సంవత్సరం. అమెరికాలో అయోవా అనే రాష్ట్రం, అందులో అయోవా సిటీ అనే చిన్న ఊరు. అక్కడి విశ్వవిద్యాలయంలో పాల్ ఎంగిల్ అనే ఆచార్యుడి గదిలోకి ఇరవయ్యేళ్ళ అమ్మాయి ఒకతె వచ్చి ఏదో చెప్పింది. ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పింది. ఈసారీ అర్థం కాలేదు. ఇద్దరూ మాట్లాడుతున్నది ఇంగ్లీషే. ఇద్దరూ ఆ దేశంలో పుట్టి పెరిగినవాళ్ళే. అయితే ఆమెది దక్షిణాదిన జార్జియా రాష్ట్రపు యాస, ఆయన పుట్టింది అయోవాలో. చివరికి ఆయన కాగితాలు ముందుకు జరిపి, చెప్పదలచుకున్నదేదో రాసిమ్మన్నాడు. ఆ అమ్మాయి మూడే మూడు ముక్కలు రాసింది. తన పేరు ఫ్లానరీ ఓకానర్ అని, తాను పత్రికల మనిషిని కానని, రచయితల తరగతిలో చేరవచ్చా అని.

మొన్న పన్నెండో తరగతి అమ్మాయి ఒకతె, ఇంగ్లీషు సాహిత్యంలో ఎమ్.ఎ. ఉన్నట్టే కథలు రాయడానికి కూడా పెద్ద చదువు ఉంటుందా, దానికి దరఖాస్తు ఎలా పెడతారు అని నన్ను అడిగింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ చీటీయే. ఆమెకు చెప్పిన కథే మీ అందరికీ చెబుతున్నాను.

ఫ్లానరీ 1925 మార్చి 25న జార్జియాలోని సవానా పట్టణంలో పుట్టింది. ఒక్కతే సంతానం. అసలు పేరు మేరీ ఫ్లానరీ. కోళ్ళంటే ప్రాణం. ఆమె పెంచిన కోడి వెనక్కి నడుస్తుందని తెలిసి, సినిమా వార్తాచిత్రాలు తీసేవాళ్ళు వచ్చి ఫిల్ము తీసుకుపోయారు. పెద్దయ్యాక కూడా తన జీవితంలో గొప్ప ఘట్టం అదేనన్నట్టు నవ్వుతూ చెప్పుకునేది.

1938లో ఆమె తండ్రికి కేంద్ర ప్రభుత్వ సంస్థలో ఇళ్ళ విలువ కట్టే ఉద్యోగం వచ్చింది. సవానా వదిలేశారు. కొంతకాలం అందరూ అట్లాంటా నగరంలో ఉన్నారు. తరువాత తల్లీకూతుళ్ళు మిలెడ్జ్‌విల్ అనే ఊళ్ళో అమ్మమ్మగారి తరఫు ఇంట్లో, తండ్రి అట్లాంటాలో. ఆయన సెలవు రోజుల్లో వచ్చి వెళ్ళేవాడు. నాన్న ఒక ఊళ్ళో, తాము ఒక ఊళ్ళో ఉండడం ఎలా ఉంటుందో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. 1941 ఫిబ్రవరిలో ఆ తండ్రి లూపస్ అనే జబ్బుతో చనిపోయాడు. మన శరీరంలోని రక్షణ శక్తే శరీరం మీద తిరగబడే జబ్బు అది. అప్పుడు ఆమెకు 15 ఏళ్ళు.

ఊళ్ళోనే ఉన్న మహిళా కళాశాలలో చేరింది. యుద్ధకాలం కాబట్టి చదువు మూడేళ్ళలో ముగించే ఏర్పాటు ఉండేది. కళాశాల పత్రికలకు బొమ్మలు వేసింది, వాటిలో ఒకదానికి సంపాదకురాలు కూడా అయింది. లినోలియం ముక్కల మీద చెక్కి అచ్చువేసిన వ్యంగ్య చిత్రాలవి. న్యూయార్కర్ అనే పెద్ద పత్రికకు పంపితే తిరిగి వచ్చేవి. బొమ్మలు, రాతలు రెండూ ఉన్నాయి కాబట్టి పత్రికల్లోనే బతుకుతెరువు దొరుకుతుందనుకుంది. ఆమెకు తత్త్వశాస్త్రం చెప్పిన ఉపాధ్యాయుడు అయోవాలో డాక్టరేటు చేసినవాడు. ఆయన ప్రోత్సాహంతో అక్కడికి దరఖాస్తు పెట్టింది. జర్నలిజం చదవడానికి స్కాలర్‌షిప్ వచ్చింది. మేరీ అనే పేరును అయోవాలో వదిలేసి ఫ్లానరీగా మిగిలింది.

అసలు కథ అక్కడే మొదలవుతుంది. సీటు వచ్చింది, డబ్బు వచ్చింది, ఇంటి నుంచి అంత దూరం వచ్చేసింది. అయినా తాను వచ్చిన చదువు తనది కాదని తెలిసిపోయింది. తెలియడం ఒక ఎత్తు, తెలిసిన మాట వెళ్ళి పెద్దవాళ్ళకు చెప్పడం మరో ఎత్తు. ఆమె ఎంత బిడియస్తురాలంటే తరగతిలో నోరు విప్పడమే అరుదు. అలాంటి పిల్ల ఆ గదిలోకి వెళ్ళింది.

ఎంగిల్ ఆమె చీటీ చూసి, రాసినవి ఏవైనా తెచ్చి చూపించమన్నాడు. తెచ్చింది. చదివి చేర్చుకున్నాడు.

రైల్వే వర్క్‌షాపు చూసిన పిల్లలకు రైటర్స్ వర్క్‌షాప్ అన్న పేరు వింతగా తోచవచ్చు. నిజానికి పోలిక ఉంది. పరిశోధన వ్యాసానికి బదులు కవితలో కథలో రాసి ఇచ్చినా పెద్ద డిగ్రీకి ఒప్పుకుంటామని అయోవా విశ్వవిద్యాలయం 1922లోనే నిర్ణయించింది. 1936 నుంచి ఆ వర్క్‌షాప్ పద్ధతిగా నడిచింది. ఎంగిల్ కూడా కవితలు రాసి ఇచ్చి అక్కడే డిగ్రీ పుచ్చుకున్నవాడు. ఒకరు రాసినది అందరి ముందూ చదువుతారు. మిగతావాళ్ళు ఎక్కడ బాగుంది, ఎక్కడ సడలింది అని విప్పి చూస్తారు. రాసినవాళ్ళు తీసుకుపోయి మళ్ళీ బిగించుకుని తెస్తారు. ఈ చదువు ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది. సాహిత్యంలో పరిశోధనకు దరఖాస్తు పెట్టేవాళ్ళు తాము రాసిన విమర్శ వ్యాసం జత చేస్తారు, రచన నేర్చుకోదలచినవాళ్ళు తమ కథలో కవితలో పంపుతారు. మార్కుల పత్రాలు, ఉపాధ్యాయుల ఉత్తరాలు, ఎందుకు చేరాలనుకుంటున్నారో చెప్పే ఒక పేజీ కూడా అడుగుతారు గానీ, తలుపు తీయించేది ముఖ్యంగా ఆ రాసిన కాగితాలే. ఆ ఒక్క పేజీ దగ్గరే పిల్లలు ఎక్కువ తడబడతారు. ఉన్న మాట చెప్పడానికి బదులు పెద్ద పెద్ద మాటలు వెతుక్కుంటారు. ఫ్లానరీకి ఆ పేజీ మూడు ముక్కల్లో అయిపోయింది.

ఆ తరగతిలో ఎక్కువమంది రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు. వాళ్ళ చదువు ఖర్చు ప్రభుత్వం భరించేది. నదీ దేశాలు, యుద్ధాలు, చావులు చూసి వచ్చిన ఆ మగవాళ్ళ మధ్య ఈ అమ్మాయి మాట్లాడకుండా కూర్చునేది. ఆమె కథలను ఎంగిలే చదివి వినిపించేవాడు. ఆమె యాసలో చదివితే వాళ్ళకు అందదు మరి. అదే యాస కాగితం మీద మాత్రం అందరినీ కూర్చోబెట్టి వినిపించుకుంది. ఆమె కథల్లో మనుషులు మాట్లాడేది జార్జియా పల్లెల మాటే. శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లవాడి తెలుగుకు నిజామాబాద్ పిల్లవాడు, అతని తెలుగుకు ఇతను నవ్వడం నేను చాలా బళ్ళలో చూశాను. అలా నవ్విన రోజున ఈ కథే చెప్పి ఊరుకుంటాను.

రోజూ అమ్మకు ఉత్తరం రాసేది. రోజూ చర్చికి వెళ్ళేది. మిగతా సమయమంతా రాత. 1946లో ఆమె మొదటి కథ అచ్చయింది. పేరు ద జెరేనియం. దక్షిణాది పల్లె నుంచి న్యూయార్కులో కూతురి ఇంటికి వచ్చిపడ్డ ముసలాయన కథ. ఎదురింటి కిటికీలో రోజూ పెట్టే ఒక పూలకుండీని చూస్తూ, సొంత ఊరిని తలచుకుంటూ ఉంటాడు. ఆ కథ పేరుతోనే ఆరు కథల సంపుటిని సమర్పించి 1947లో డిగ్రీ అందుకుంది. అదే ఏడు, రాస్తున్న నవలకు ఒక ప్రచురణ సంస్థ బహుమతి కూడా వచ్చింది. 750 డాలర్లు. తీరా నవల ముందుకు సాగాక ఆ సంస్థవారికి అది మరీ వింతగా కనిపించింది, మార్పులు కావాలన్నారు. తరగతిలో చెప్పినదల్లా విని తిరగరాసిన అమ్మాయి ఇక్కడ మాత్రం లొంగలేదు. నవలను వేరే ప్రచురణకర్తకు ఇచ్చింది. 1952లో వైజ్ బ్లడ్ పేరుతో అది వెలువడింది.

ఈలోపు పెద్ద దెబ్బ తగిలింది. 1950 డిసెంబరులో పండగకు రైల్లో ఇంటికి వస్తూ జబ్బుపడింది. నాన్నను తీసుకుపోయిన లూపసే. తల్లి ఆ సంగతి దాచి కీళ్ళవాతమని చెప్పించింది. 1952లో ఒక స్నేహితురాలు నిజం చెప్పేదాకా ఆమెకు తెలియదు. ఊళ్ళు దాటి వెళ్ళి రచయిత అయిన మనిషి మళ్ళీ మిలెడ్జ్‌విల్ దగ్గర పొలంలో తల్లి దగ్గరే ఉండిపోవలసి వచ్చింది. ఇంటికి తిరిగి రావడమంటే తన రాత ఆగిపోవడమేనని ఒకప్పుడు భయపడింది. తీరా చూస్తే ఆమె మంచి కథలన్నీ అక్కడ రాసినవే. ఉదయం పూట కొన్ని గంటలు టైపు మిషను ముందు, తరువాత నెమళ్ళు. నలభై దాకా పెంచింది. చంకకర్రల మీద నడుస్తూనే కళాశాలలకు వెళ్ళి ఉపన్యాసాలిచ్చేది. విశ్వవిద్యాలయాలు రచయితలను నొక్కేస్తున్నాయా అని అడిగితే, నొక్కవలసినంతమందిని నొక్కడం లేదన్న అర్థంలో చమత్కరించేది. తాను చదివి వచ్చింది అలాంటి చోటే అయినా!

ఆమెలో లోపమూ ఉంది. ఉత్తరాల్లో నల్లజాతివారి గురించి రాసిన కొన్ని మాటలు చదివితే మనసు చివుక్కుమంటుంది. 2020లో ఒక విశ్వవిద్యాలయం తన వసతిగృహానికి ఉన్న ఆమె పేరు తీసేసింది. కథల్లో మాత్రం, తాము గొప్పవాళ్ళమనుకునే తెల్లవాళ్ళను ఆమె వదిలిపెట్టలేదు. రెండూ నిజమే.

1964లో ఆరోగ్యం పూర్తిగా దిగజారింది. డాక్టర్లు పని చేయవద్దన్నారు. రాస్తున్న కాగితాలు దిండు కింద దాచుకునేది. ఆగస్టు 3న చనిపోయింది. వయసు 39. ఆమె కథలన్నీ కలిపి వేసిన పుస్తకానికి 1972లో ఆ దేశపు నేషనల్ బుక్ అవార్డు ఇచ్చారు.

చివరి రోజుల్లో ఆమె పూర్తిచేసిన కథల్లో ఒకటి జడ్జిమెంట్ డే. అది కొత్త కథ కాదు. అయోవాలో రాసిన ఆ మొదటి కథనే మళ్ళీ మళ్ళీ తిరగరాసి, పద్దెనిమిదేళ్ళ తరువాత ఇలా తేల్చింది. ఈసారి ముసలాయన పూలకుండీ చూస్తూ కూర్చోడు. బతికో చచ్చో ఊరు చేరాలని బయలుదేరతాడు. దారిలో ప్రాణం పోతే తనను ఎక్కడికి పంపాలో ఒక చీటీ మీద రాసి జేబులో పిన్ను పెట్టుకుంటాడు. మెట్ల దగ్గరే చనిపోతాడు. కూతురు న్యూయార్కులోనే పూడ్చిపెడుతుంది. ఆ తరువాత ఆమెకు రాత్రిళ్ళు నిద్ర పట్టదు. మళ్ళీ తవ్వించి, తండ్రిని జార్జియాకు పంపుతుంది. అప్పుడు గానీ నిద్ర పట్టదు.