ఇంద్రియానుభవమును తూచిన శాస్త్రజ్ఞుడు

గుస్టావ్ థియోడర్ ఫెక్నర్ 1801వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన గ్రోస్ సార్షెన్ అను గ్రామమున జన్మించెను. అది నాడు జర్మను ప్రాంతము; నేడు పోలండు దేశమున చేరియున్నది. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. ఐదేండ్ల ప్రాయముననే ఫెక్నర్ తండ్రిని కోల్పోయెను. 1817లో లైప్జిగ్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకై చేరి, అచ్చట వేబర్ అను ఆచార్యుని ఉపన్యాసములు వినెను. కాని వైద్యవృత్తి నవలంబింపలేదు. ఆతని మనస్సు భౌతికశాస్త్రముపై లగ్నమయ్యెను. జీవనోపాధికై ఫ్రెంచి శాస్త్రగ్రంథములను వేలకొలది పుటలు జర్మనులోనికి అనువదించెను. 1834లో అదే విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడయ్యెను.

ప్రకాశించు వస్తువును చూచి కన్నులు మూసికొనినచో, దాని ఆకృతి కొంతసేపు నిలిచియుండును. ఈ మర్మమును తెలియగోరి ఫెక్నర్ రంగుటద్దముల గుండ సూర్యునే చూచుచుండెడివాడు. (ఇది ఎవ్వరును చేయరాని సాహసము. రంగుటద్దము కంటిని కాపాడజాలదు.) అప్పటికే అతిశ్రమచే అలసిన ఆతని చూపు 1839 నాటికి చెడెను. వెలుతురు సోకినంతనే భరింపరాని బాధ కలుగుచుండెను. ఉద్యోగము పోయెను. కన్నులకు గంతలు కట్టుకొని, చీకటి గదిలో సుమారు మూడేండ్లు గడపెను. చదువుట లేదు, వ్రాయుట లేదు. ఆహారము జీర్ణము కాక శరీరము శల్యావశిష్టమయ్యెను. ఎరిగిన స్త్రీయొకతె, తనకు కలలో తోచినదని చెప్పి, ఒక వంటకమును సిద్ధపరచి పంపగా అది మాత్రము ఆతనికి వంటబట్టెనట!

1843 అక్టోబరులో ఫెక్నర్ గంతలు విప్పి తోటలో అడుగిడెను. పూలన్నియు లోపలినుండి వెలుగుచున్నట్లు ఆతనికి తోచెను. ఆ యానందమున మొక్కలకును ఆత్మ కలదని 1848లో ఒక గ్రంథమే రచించెను. శాస్త్రజ్ఞులు దానిని అంతగా మెచ్చలేదు.

అయినను ఒక ప్రశ్న ఆతనిని విడువలేదు. వెలుతురును, బరువును కొలువవచ్చును; అవి మనస్సునందు కలిగించు అనుభవమును కొలుచుట యెట్లు? 1850 అక్టోబరు 22న ఉదయము శయ్యపై నుండగా ఆతనికి మార్గము స్ఫురించెను.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతములందు మామిడికాయలు కోయు దినములలో దీనిని ఎవరైనను పరీక్షింపవచ్చును. చేతిలో నాలుగు కాయలుండగా ఐదవది చేర్చినచో బరువు పెరిగినట్లు వెంటనే తెలియును. నిండుగంపలో మరియొక కాయ వేసినచో మోయువానికి తెలియనే తెలియదు. కాయ బరువు ఒక్కటియే. ఉన్న బరువుతో దానికి గల నిష్పత్తి వేరు. ఈ సంగతిని మొదట కనిపెట్టినవాడు వేబరు. ఫెక్నర్ మరియొక అడుగు ముందునకు వేసెను. సిరిసిల్లలో సాంచాలనబడు మరమగ్గముల షెడ్డునే తలపోయుడు. ఒక సాంచా ఆడుచుండ రెండవది కలసినచో చెవికి ఎంత మార్పు తోచునో, మరల అంత మార్పు తోచుటకు మూడవది చాలదు, నాలుగు కావలెను. ఆపై ఎనిమిది, ఆపై పదునారు. బయటి ధ్వని రెట్టింపులుగా పెరుగుచుండ, లోపలి అనుభవము ఒక్కొక్క మెట్టు మాత్రమే ఎక్కునని ఫెక్నర్ సిద్ధాంతము.

దీనిని నిరూపించుటకు ఆయన స్వయముగా ఏండ్ల తరబడి బరువులెత్తి, రెంటిలో ఏది బరువైనదో ప్రతిసారియు వ్రాసికొనుచుండెను. ఒక్క వరుస ప్రయోగములోనే ఇట్టి నిర్ణయములు 24 వేలకు పైబడినవి! చూపు పోయి కష్టపడినవాడు ఇంతటి ఓపికను ఎచ్చటినుండి తెచ్చుకొనెనో! 1860లో మనోభౌతికశాస్త్ర మూలతత్త్వములను రెండు సంపుటములుగా ప్రకటించెను. 1879లో అదే లైప్జిగ్ నగరమున వుంట్ మనోవిజ్ఞాన ప్రయోగశాలను స్థాపించెను.

ఫెక్నర్ సూత్రము అన్ని అనుభవములకును సరిపడదని 20వ శతాబ్దమున అమెరికాకు చెందిన స్టీవెన్స్ చూపెను. విద్యుదాఘాతపు బాధ, ఆఘాతము కంటె వేగముగా పెరుగును. కాని ఫెక్నర్ ఏర్పరచిన కొలత పద్ధతులు చెడలేదు. 1887 నవంబరు 18న, తన 86వ యేట, ఆయన లైప్జిగ్ నగరముననే మరణించెను. నేడు చెవి వైద్యశాలలో ధ్వనిని కొద్దికొద్దిగా తగ్గించుచు, ఎచ్చట వినబడుట ఆగునో గుర్తించు పరీక్ష ఆయన వివరించిన పద్ధతులకు చెందినదే.