హాస్యనటుడు కథానాయకుడైన కథ: కస్తూరి శివరావు

కస్తూరి శివరావు గారి పేరు మీలో చాలామంది విని ఉండరు. మీ అమ్మానాన్నలు కూడా వినకపోవచ్చు. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి ఖరగ్‌పూర్‌లోనే స్థిరపడిన పాత తెలుగు కుటుంబాల్లో బాగా పెద్దవాళ్ళెవరినైనా అడిగి చూడండి. వాళ్ళు జవాబు చెప్పేముందు నవ్వుతారు. తెలుగు సినిమాలో హాస్యనటుడి పేరు చూసి కూడా జనం టికెట్టు కొనే రోజులు మొదలైంది ఆయనతోనే.

శివరావు గారు 1913లో కాకినాడలో పుట్టారు. సెలవులకు ఇక్కడి నుంచి విజయవాడ వైపు రైల్లో వెళ్ళేవాళ్ళకు దారిలో సామర్లకోట స్టేషను వస్తుంది. అక్కడి నుంచి ఒక చిన్న లైను విడిపోయి కాకినాడ వెళుతుంది. అదే ఆయన ఊరు.

ఆయన సినిమాలకు చేరువైంది నటుడిగా కాదు, వ్యాఖ్యాతగా. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. అప్పట్లో సినిమాలకు బొమ్మే కానీ మాట ఉండేది కాదు. మధ్యమధ్య తెర మీద అక్షరాలు వచ్చేవి. చూసేవాళ్ళలో చాలామందికి చదువు రాదు, వచ్చినా ఆ భాష రాదు. అందుకని తెర పక్కన ఒక మనిషి నిలబడి కథంతా తెలుగులో చెప్పేవాడు. రాజు నోరు కదిపితే రాజు గొంతుతో, రాణి ఏడిస్తే రాణి గొంతుతో పలికేవాడు. దృశ్యం నీరసంగా ఉంటే తనే ఏదో ఒకటి కల్పించి హాలును నవ్వించేవాడు. శివరావు గారి నాలుకకు పదును పెట్టిన బడి అదే అని మా నమ్మకం.

1932లో తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ వచ్చింది. బొమ్మలే మాట్లాడటం మొదలుపెట్టాక పక్కన నిలబడే మనిషితో ఏం పని? కొత్త యంత్రం వస్తే పాత కొలువు పోవడం ఈ ఊరి పిల్లలకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆవిరి ఇంజన్లలో బొగ్గు వేసిన ఫైర్‌మన్ల మనవలు, మునిమనవలు మన తరగతుల్లోనే ఉన్నారు. శివరావు గారు తెర పక్క నుంచి తెర మీదికి నడిచారు. చిన్న వేషాలతో కొన్నేళ్ళు గడిచాయి. 1948లో ఘంటసాల బలరామయ్య గారు తీసిన ‘బాలరాజు’తో ఆయన పేరు మారుమోగింది. (ఈ బలరామయ్య గారూ, గాయకుడు ఘంటసాల గారూ వేరు వేరు. పరీక్షల్లో కలిపేయకండి.) అందులో కథానాయకుడు అక్కినేని నాగేశ్వరరావు గారు. అయినా శివరావు గారి ఎల్లమంద పాత్రను జనం ఆయనతో సమానంగా చెప్పుకున్నారు.

ఇక నవ్వించడమే ఆయన పని అని అందరూ తీర్మానించారు. మేము పనిచేసిన ఊళ్ళన్నిటిలోనూ ఇలాంటిది చూశాం. బదిలీ మీద కొత్తగా వచ్చిన పిల్లవాడు మొదటి వారంలో ఒక జోకు వేస్తే చాలు, ఆ తరగతికి వాడు నవ్వించేవాడైపోతాడు. ఆ తర్వాత వాడికి బాధ కలిగినా ఎదుటివాళ్ళు నవ్వుతూనే ఉంటారు.

సరిగ్గా అప్పుడే దర్శకుడు కె.వి. రెడ్డి గారు వాహినీ సంస్థ తరఫున ‘గుణసుందరి కథ’ తలపెట్టారు. షేక్స్‌పియర్ ‘కింగ్ లియర్’ మీకు తెలిసే ఉంటుంది. ఆ విషాద కథను తీసుకుని, శాపాలు, మహిమ గల మణి చేర్చి, పింగళి నాగేంద్రరావు గారు, కమలాకర కామేశ్వరరావు గారు అచ్చమైన తెలుగు జానపదంగా మార్చేశారు. రాజుకు ముగ్గురు కూతుళ్ళు. పెద్దవాళ్ళిద్దరూ తండ్రిని పొగిడి మెప్పిస్తారు. చిన్నది గుణసుందరి మాత్రం పెళ్ళయిన ఆడదానికి భర్తే ముఖ్యమంటుంది. రాజు కోపంతో ఆమెను దైవాధీనం అనే వికలాంగుడైన నిరుపేదకు కట్టబెడతాడు. నిజానికి అతడు శాపం తగిలిన రాజకుమారుడు. ఆ దైవాధీనమే శివరావు గారు. గుణసుందరి జూనియర్ శ్రీరంజని గారు.

నాగేశ్వరరావు గారు అప్పటికే జానపద వీరుడు. అందగాళ్ళు దొరకక శివరావు గారిని తీసుకోలేదు. ఆ ఎంపికలో ఉన్న తెలివి కథ చూస్తే అర్థమవుతుంది. పెళ్ళిపీటల మీద అతణ్ణి చూసి సభ నవ్వాలి, హాల్లో ప్రేక్షకులూ నవ్వాలి. తర్వాత ఆ నవ్వు గొంతులో అడ్డం పడాలి. జబ్బుపడిన మామ కోసం అతడు మహేంద్రమణి సంపాదిస్తే, తోడల్లుళ్ళు దాన్ని కాజేస్తారు. అతడేమో శాపంతో ఎలుగుబంటి అయిపోతాడు. రేలంగి, వల్లభజోస్యుల శివరాం గార్లు ఆ తోడల్లుళ్ళు. నవ్వించే భారం చాలావరకు వాళ్ళ మీద పడింది. ఓర్చుకునే భారం శివరావు గారి మీద పడింది. ఇన్నేళ్ళు గొంతుతో బతికిన మనిషి ఇందులో కళ్ళతో, నడకతో నెగ్గుకొచ్చారు. ఎలుగుబంటి వెనక గుణసుందరి పడే వేదన మనకు పిల్లల కథలా అనిపించదంటే, అంతకుముందు ఆ మనిషి మీద మనకు కలిగిన గౌరవమే కారణం.

1949 డిసెంబరు చివర్లో విడుదలైన ఈ సినిమా ఘనవిజయం సాధించింది. ఇదే కథ తర్వాత తమిళంలోకీ వెళ్ళింది. కె.వి. రెడ్డి, పింగళి గార్లు ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ దాకా సాగిపోయారు. శివరావు గారికి మాత్రం ఇలాంటి పాత్ర మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు. 1950లో తానే దర్శకుడై ‘పరమానందయ్య శిష్యులు’ తీశారు. నటి గిరిజ గారు పేరు తెచ్చుకోవడం మొదలైంది అందులోనే. తెలివితక్కువ శిష్యుల కథ అది. దైవాధీనంగా మెప్పించిన మనిషి తిరిగి నవ్వుల దగ్గరికే వచ్చారు. అది ఆయన ఇష్టమో, ప్రేక్షకుల కోరికో, రెండూనో మేము చెప్పలేం.

ఆ తర్వాత రేలంగి గారి కాలం వచ్చింది, రమణారెడ్డి గారు వచ్చారు. శివరావు గారి వేషాలు చిన్నవవుతూ, డబ్బు ఇబ్బందులు పెరుగుతూ పోయాయి. 1966లో ఆయన కన్నుమూశారు. అదే సంవత్సరం ‘పరమానందయ్య శిష్యుల కథ’ పేరుతో కొత్త సినిమా వచ్చింది. కథానాయకుడు ఎన్.టి. రామారావు గారు, తీసింది కాకినాడవారే అయిన సి. పుల్లయ్య గారు. శిష్యులుగా పద్మనాభం, అల్లు రామలింగయ్య గార్లు హాళ్ళలో జనాన్ని కడుపుబ్బ నవ్వించారు.