జాగ్వార్ కారు వెనక ఒక తండ్రి సంతకం



చేరిన శిక్షణ మధ్యలో వదిలేసిన కొడుకు సొంత వ్యాపారం పెడతానంటే మీరేం చేస్తారు? 1922లో ఇంగ్లాండ్‌లోని బ్లాక్‌పూల్ పట్టణంలో ఒక తండ్రికి ఇదే ప్రశ్న ఎదురైంది. ఆయన పియానోలు బాగుచేసి అమ్మే సంగీతకారుడు. కొడుకు విలియం లయన్స్. పొరుగింటి వాల్మ్‌స్లీతో కలిసి మోటారు సైకిళ్లకు సైడ్‌కార్లు తయారు చేస్తానన్నాడు. 1,000 పౌండ్ల ఓవర్‌డ్రాఫ్ట్ ఇవ్వడానికి బ్యాంకు హామీ అడిగింది. ఇద్దరి తండ్రులూ చెరిసగానికి సంతకం చేశారు. లయన్స్‌కు అప్పుడు సరిగ్గా ఇరవై ఒక్క ఏళ్లు.

లయన్స్ ఇంజినీరింగ్ శిక్షణ పూర్తి చేయలేదు. కానీ ఆయన కన్ను చాలా పదును. కాగితం మీద గీసే బదులు, రేకులతో నిండు పరిమాణంలో కారు నమూనా చేయించేవారు. పనివాళ్ల పక్కనే నిలబడి ఒక్కో వంపునూ సరిచేయించేవారు. నమూనాను ఇంటి ముందు పెట్టించుకుని పగటి వెలుగులో చూసుకునేవారు. సైడ్‌కార్ల నుంచి కార్లకు వచ్చి, 1935లో జాగ్వార్ అనే పేరు పెట్టారు. ఖరీదైన కార్ల అందం, వేగం తక్కువ ధరకే ఇవ్వడం ఆయన పట్టుదల.

1955 జూన్‌లో లే మాన్స్ పందెం చూడటానికి వెళ్తూ ఆయన ఒక్కగానొక్క కొడుకు జాన్ ఫ్రాన్స్‌లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆ పందెంలో జాగ్వారే గెలిచింది. కంపెనీ అందుకోవలసిన కొడుకు లేడు. అయినా లయన్స్ పని ఆపలేదు. 1959లో మార్క్ 2, 1968లో ఎక్స్‌జే6 వచ్చాయి. ఈ మధ్యలో 1966లో కంపెనీని మరో పెద్ద సంస్థలో కలిపేశారు. 1972లో పదవీ విరమణ చేసి, 1985లో కన్నుమూశారు. ఆ జాగ్వార్ 2008లో మన టాటా మోటార్స్ చేతికి వచ్చింది.

ఒకప్పుడు డాక్టర్లు, కంపెనీ అధికారులు నడిపిన ఆ మార్క్ 2 కార్లను ఇప్పుడు సేకర్తలు వెతికి కొంటున్నారు. వాటిలో 3.8 లీటర్ల ఇంజిను, చేత్తో మార్చే గేర్లు, ఓవర్‌డ్రైవ్ ఉన్న కారుకు గిరాకీ ఎక్కువ. 2.4 లీటర్ల కారు కొంత తక్కువకే దొరుకుతుంది. మెరిసే రంగు చూసి అనుభవజ్ఞులు మోసపోరు. అడుగున తుప్పు ఉందేమో వంగి చూస్తారు. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు ఫ్యాక్టరీ రికార్డుతో సరిపోల్చుకుంటారు. పాత సర్వీసు రసీదులు అడుగుతారు. ఎందుకంటే తుప్పు పట్టిన బాడీని బాగుచేయించే ఖర్చు ఒక్కోసారి కారు ధరనే మించిపోతుంది.

లయన్స్ తన కొడుక్కి అప్పగించలేకపోయిన పనిని ఈరోజు ఎవరెవరో సొంత బిడ్డలా తుడిచి కాపాడుకుంటున్నారు. దానికంతటికీ మొదలు, డిగ్రీ లేని కుర్రాణ్ణి నమ్మి ఒక తండ్రి ఇచ్చిన 500 పౌండ్ల హామీ. రేపు మీ అబ్బాయో అమ్మాయో మీరు ఊహించని దారి ఎంచుకుంటే, కాదనే ముందు వాళ్ల చేతి పనిని ఒకసారి దగ్గరగా చూడండి. మార్కుల పట్టికలో కనిపించనిది అక్కడ కనిపించవచ్చు.