పత్రికాసంపాదకులు మానికొండ చలపతిరావుగారు

హైదరాబాదునకు తూర్పున విజయవాడ రహదారిపై నున్న దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు ప్రాంతములు నేడు మహానగరములో కలిసిపోయినవి. సరూర్‌నగరు, కొత్తపేట, నాగోలు, మన్సూరాబాదు మున్నగునవి ఒకప్పుడు వేర్వేరు గ్రామములు. ఎల్.బి.నగరు పురపాలకసంఘము 2007లో గ్రేటర్ హైదరాబాదులో విలీనమైనది. ఊళ్లు పేటలైనను, ప్రొద్దుననే గ్రంథాలయపు బల్లకడ చేరి పత్రికలు చదువు అలవాటు మాత్రము జనులను విడువలేదు. ఒకే సంఘటనను నాలుగు పత్రికలు నాలుగు విధముల వ్రాయుట పాఠకులకు క్రొత్త గాదు. అట్లు వ్రాయుటకు కారణము విచారించినచో, ఆ పత్రిక యెవరిది అను ప్రశ్న తప్పక యెదురగును.

నైజాము ఏలుబడిలో ఈ ప్రాంతపు పత్రికలకు సర్కారు వలననే భయము మెండుగ నుండెను. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించి ఆ యాంక్షల నడుమనే నడిపిరి. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాను 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో రజాకారుల చేత హతుడయ్యెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మఱియొక చిక్కు దేశమంతటను తలయెత్తెను. ప్రభుత్వపు పట్టు సడలినచోట ధనవంతుని పట్టు బిగిసినచో పత్రిక స్వేచ్ఛగా నున్నట్లేనా? ఈ ప్రశ్నను లెక్కలతో సహా దేశము ముందుంచిన ప్రెస్ కమిషనులో ఒక తెలుగువాడు సభ్యుడుగ నుండెను. ఆయనయే మానికొండ చలపతిరావుగారు.

చలపతిరావుగారు 1908లో జన్మించిరి. మద్రాసులో ఉన్నతవిద్య నభ్యసించి న్యాయశాస్త్రము గూడ చదివిరి. అయినను వారి మనస్సు కోర్టులకంటె పత్రికలవైపే మొగ్గెను. మద్రాసులో ఆంగ్లపత్రికలయందు కొంతకాలము పనిచేసి, పిమ్మట లక్నో నగరమునకు వెడలిరి. అచ్చట 1938 సెప్టెంబరు 9వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారి పూనికతో నేషనల్ హెరాల్డు అను ఆంగ్ల దినపత్రిక వెలసెను. దాని తొలి సంపాదకులు చీరాలకు చెందిన కోటంరాజు రామారావుగారు. వారికి సహాయకులుగ చేరినవారు చలపతిరావుగారు. గంగాయమునల నడిమి దేశమున ఒక జాతీయపత్రికను ఇట్లు ఇరువురు తెలుగువారు తీర్చిదిద్దిరి.

1942లో రామారావుగారు ఒక సంపాదకీయము వ్రాసినందుకు కారాగారము పాలైరి. ఆ యేడు ఆగస్టులో క్విట్ ఇండియా యుద్యమము చెలరేగగా పత్రిక మూతవడెను. తిరిగి 1945లోగాని అది వెలువడలేదు. 1946లో చలపతిరావుగారు సంపాదకపదవిని స్వీకరించి 1978 వఱకు, అనగా 32 సంవత్సరములు, దానిని నిర్వహించిరి. పాఠకలోకమునందు వారు ఎం.సి. అను రెండక్షరములతోనే ప్రసిద్ధులైరి. హెరాల్డు లాభముకొఱకు పెట్టిన పత్రిక గాదు. జీతములకే కటకటపడిన దినములును దానికి లేకపోలేదు.

పత్రికలలో పనిచేయువారి కష్టసుఖములు చలపతిరావుగారికి ఇట్లు స్వానుభవమున తెలిసినవి. యజమానికి కోపము వచ్చినచో సంపాదకునికైనను మరునాడు కొలువు లేదు. జీతమునకు నియమము లేదు, పనివేళలకు మితి లేదు. ఇట్టివాడు నిర్భయముగ వ్రాయుట యెట్లు? 1950లో ఢిల్లీలో అఖిలభారత వర్కింగ్ జర్నలిస్టుల సమాఖ్య ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులుగ ఎన్నికైనవారు చలపతిరావుగారే. పత్రికల స్థితిగతులపై సమగ్రవిచారణ జరుగవలెనని సమాఖ్య పట్టుపట్టెను.

కేంద్రప్రభుత్వము 1952లో జస్టిస్ రాజాధ్యక్షగారి అధ్యక్షతన ప్రెస్ కమిషనును నియమించెను. ఆచార్య నరేంద్రదేవ్, జాకీర్ హుసేను, సి.పి. రామస్వామి అయ్యరు, వి.కె.ఆర్.వి. రావు మున్నగు పెద్దల సరసన చలపతిరావుగారును సభ్యులైరి. కమిషను 1954లో నివేదిక నొసగెను. నాడు దేశమున 330 దినపత్రికలుండెను. వానిలో 29 పత్రికలు కేవలము ఐదుగురు యజమానులవి. దేశమున నిత్యము అమ్ముడుపోవు ప్రతులలో 31.2 శాతము ఆ యైదుగురివే. పదునైదుగురు యజమానుల లెక్క తీయగా వారి చేతిలో 54 పత్రికలు, 50.1 శాతము ప్రతులు నుండెను. అనగా దేశమున దినపత్రిక కొన్నవారిలో సగము మందికి పదునైదు ఇండ్లనుండియే వార్తలు వచ్చుచుండెను. ఆ యజమానులలో కొందఱికి జనపనార, బట్టల మిల్లులు గూడ గలవు. మిల్లు కూలీల సమ్మెను గూర్చి మిల్లు యజమాని పత్రిక యేమి వ్రాయునో ఊహించుట కష్టము గాదు.

ఈ కేంద్రీకరణము నరికట్టుటకు కమిషను పలుమార్గములు సూచించెను. పత్రికల లెక్కాపత్రములు చూచుటకు ఒక రిజిస్ట్రారు, నీతినియమములు కాపాడుటకు ఒక ప్రెస్ కౌన్సిలు, ఉద్యోగులకు జీతభత్యముల నిర్ణయము, పుటల సంఖ్యను బట్టి పత్రికకు కనీసపు వెల – ఇవి ముఖ్యమైనవి. వార్తాసంస్థలు ప్రభుత్వము చేతిలో నుండరాదనియు కమిషను తలచెను.

మొదట నెరవేరినది ఉద్యోగుల మాట. 1955లో పత్రికారచయితల యుద్యోగ నిబంధనల చట్టము వచ్చెను. యజమానులు కోర్టు కెక్కగా సుప్రీంకోర్టు 1958లో వేతనమండలి నిర్ణయమును కొట్టివేసెను గాని, చట్టమును చాలవఱకు నిలిపెను. సంపాదకుడు, విలేఖరి, ప్రూఫులు దిద్దువాడు గూడ చట్టము నండగ గొని నిలువగలిగిరి.

వెల మాట మాత్రము వేఱుదారి పట్టెను. పెద్దపత్రికకు వ్యాపారప్రకటనల రాబడి మెండు. ఆ బలముతో అది ఎక్కువ పుటలను తక్కువ వెలకు అమ్మగలదు. జిల్లా పట్టణమున ఒక్కడు నడుపు చిన్నపత్రికకు అది సాధ్యము గాదు, కొంతకాలమునకు మూతవడును. ఇన్ని పుటలకు ఇంతకంటె తక్కువ వెల కూడదని నియమించినచో చిన్నవాడు బ్రదుకునని కమిషను భావము. దీనికై 1956లో చట్టము, 1960లో ఉత్తరువు వెలువడినవి. దానిని సుప్రీంకోర్టులో ఎదిరించినది పూనా నుండి వెలువడు సకాళ్ అను మరాఠీ దినపత్రిక. ఆరు దినములకు 34 పుటలతో దినమునకు ఏడు నయాపైసల వెలకు అది అమ్ముడగుచుండెను. క్రొత్త ఉత్తరువు ప్రకారము పుటలను 24కు తగ్గింపవలెను, లేదా వెలను ఎనిమిది నయాపైసలు చేయవలెను. పుటలు తగ్గినచో వార్తలు తగ్గును, వెల పెరిగినచో పాఠకులు తగ్గుదురు. ఏ విధముగ జూచినను ఇది భావప్రకటన స్వాతంత్ర్యమునకు భంగకరమని 1961లో న్యాయస్థానము తీర్పుచెప్పి చట్టమును రద్దుచేసెను. పెద్ద గొలుసుపత్రికలను అదుపు చేయుటకు పన్నిన వల ఒక ప్రాంతీయభాషా పత్రికపై బడుట గమనింపదగినది. పత్రికల స్వామ్యమును నియమించు చట్టము కత్తివంటిది. చేయి తప్పినచో రక్షింపదలచినవానికే గాయమగును.

ఆ తీర్పును వ్రాసిన జస్టిస్ ముధోల్కరుగారే 1966లో ఏర్పడిన ప్రెస్ కౌన్సిలునకు తొలి అధ్యక్షులగుట ఒక విశేషము. చలపతిరావుగారు పాల్గొన్న కమిషను సూచన ఇట్లు పండ్రెండేండ్లకు ఫలించెను.

కమిషను సూచనలలో పాఠకునకు సూటిగ ఉపకరించినది రిజిస్ట్రారు పద్ధతి. 1956 నియమముల ప్రకారము ప్రతి పత్రికయు ఏటేట ఫిబ్రవరి మాసాంతము తరువాతి తొలి సంచికలో తన యజమాని, ప్రకాశకుడు, ముద్రాపకుడు, సంపాదకుడు ఎవరో, మూలధనమున నూటికి ఒక వంతునకు మించి వాటా గలవారెవరో పేళ్లతో ప్రకటింపవలసి యుండెను. పాతపత్రికల కట్టలను భద్రపఱచిన గ్రంథాలయములలో మార్చి మాసపు సంచికలు తిరుగవేసినచో ఆ ప్రకటనలు కనబడును. పత్రిక యెవరిది అను ప్రశ్నకు సమాధానము ఆ చిన్న యక్షరములలోనే కలదు. 1867 నాటి పత్రికల చట్టమునకు బదులుగ 2023లో చేసిన క్రొత్త చట్టము 2024 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చినది.

చలపతిరావుగారి జీవితమున తీరని చిక్కు ఒకటి గలదు. వారి హెరాల్డు ధనికుని సొత్తు గాకున్నను పాలకపక్షమునకు అతిసన్నిహితమైనది. 1975 జూనులో అత్యవసరస్థితి ప్రకటింపబడగా పత్రికలపై సెన్సారు వచ్చెను. 1976 ఆరంభమున ప్రెస్ కౌన్సిలు రద్దయ్యెను. ఆ ఫిబ్రవరిలోనే నాలుగు వార్తాసంస్థలను కలిపి సమాచార్ అను ఒక్క సంస్థగ జేసిరి. ధనికులు వార్తలను గుత్తకు దీసికొందురను భయముతో కమిషను ఏ కేంద్రీకరణమును వారింపదలచెనో, అట్టిదానిని ప్రభుత్వమే చేసెను. అప్పుడును హెరాల్డు పాలకపక్షపు పత్రికగనే యుండెను, చలపతిరావుగారు దాని సంపాదకులుగనే యుండిరి. మిల్లు యజమానికి లోబడిన పత్రికకు గల లోపమే రాజకీయపక్షమునకు చేరువైన పత్రికకును గలదని ఆ రెండేండ్లు దేశమునకు నేర్పినవి. 1978లో వార్తాసంస్థలు మరల వేఱుపడినవి, ప్రెస్ కౌన్సిలునకు క్రొత్త చట్టము వచ్చెను. ఆ సంవత్సరమే చలపతిరావుగారు సంపాదకత్వము విరమించిరి. 1983 మార్చి 25న ఢిల్లీలో పరమపదించిరి.

వారు కాలము చేయుటకు ముందటి యేడు, అనగా 1982లో, రెండవ ప్రెస్ కమిషను పత్రికలను ఇతర వ్యాపారములనుండి వేఱుపఱుపవలెనని సూచించెను. ఆ పిమ్మట టెలివిజను వచ్చి పత్రిక, ఛానలు రెండును ఒకే యింటివగుట పరిపాటి యయ్యెను. 2014లో టెలికాం నియంత్రణ సంస్థ ఈ విషయముననే మఱల సిఫారసులు చేసెను. రాజకీయపక్షములు ప్రసారరంగమున యాజమాన్యము వహింపరాదనుట వానిలో నొకటి. అట్టి చట్టము మాత్రము రాలేదు.

చట్టము వచ్చునంతవఱకు పాఠకుడు ఊరకుండ నక్కఱలేదు. రెండు పత్రికలు ప్రక్కప్రక్కన బెట్టుకొని చదువుటకు గ్రంథాలయము గలదు. చందాకట్టి ఒక్క పత్రిక తెప్పించుకొనువానికి లేని సౌకర్యము ఇది. ఏ వార్త ఏ పత్రికలో పెద్దదయ్యెను, ఏ పత్రికలో అసలే లేదు, ఆ పత్రిక యెవరిది అని విచారించుచు చదువువాడు చలపతిరావుగారి కృషిని తన వంతుగ కొనసాగించినవాడగును.