ఆకాశయానమున తొలి పరిచారిక: ఎలెన్ చర్చ్

విమానమును నడుపుట నేర్చుకొన్న ఇరువదియైదేండ్ల నర్సు ఒకతె 1930లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునందలి బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ కార్యాలయమునకు వెళ్లెను. విమానచోదకురాలు కావలెనని ఆమె కోరిక. ఆనాటికి అమెరికాలో ఏ ప్రయాణిక విమానసంస్థయు స్త్రీకి ఆ స్థానము నిచ్చియుండలేదు. ఆ యువతి అంతటితో మరలిపోక, అప్పటివరకు అచట స్త్రీలకు లేని మరియొక ఉద్యోగమును తానే ఊహించి, దానిలో తానే ప్రథమురాలయ్యెను. ఆమెయే ఎలెన్ చర్చ్. నేడు విమానద్వారముకడ నిలిచి ప్రయాణికులను లోనికి ఆహ్వానించు పరిచారికల పరంపర ఆమెతో ఆరంభమైనది. ఆ పరంపరలో కొందరు ఈనాడు పరిచర్యను విడిచి, శిక్షణ పొంది, విమానచోదకులగుచున్నారు. ఎలెన్‌కు సాధ్యముకాని ప్రయాణమది.

ఆమె అయోవా రాష్ట్రమున క్రెస్కో అను చిన్న పట్టణపు ప్రాంతమున, వ్యవసాయ కుటుంబములో, 1904 సెప్టెంబరు 22వ తేదీన జన్మించెను. రైట్ సోదరులు మొట్టమొదట విమానమును నేలనుండి లేపినది అంతకుముందు డిసెంబరులోనే. అనగా ఎలెనును, విమానమును ఇంచుమించు ఒక ఈడువారు. ఊరి జాతరలో విమానవిన్యాసములను చూచి ఆ బాలిక మనస్సు ఆకాశమునకు తగుల్కొన్నది. కాని ఆ దినములలో చదువుకొన్న ఆడపిల్లకు తెరచియున్న ద్వారములు కొద్ది. ఉపాధ్యాయిని కావచ్చును, నర్సు కావచ్చును. ఎలెన్ మిన్నెసోటా విశ్వవిద్యాలయమున నర్సు శిక్షణ పొంది, 1926లో దానిని ముగించి, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫ్రెంచి ఆసుపత్రిలో కొలువు సంపాదించెను. జీతము చేతికి రాగా, తీరిక వేళలలో విమానము నడుపుట అభ్యసించెను.

ఆ సంస్థ కార్యాలయమున ఆమె మాటను ఆలకించిన అధికారి స్టీవ్ స్టింప్సన్. ప్రయాణికుల సౌకర్యము చూచుటకు పురుషులను నియమింపవలెనని అతడు అప్పటికే ఆలోచించుచుండెను. చోదకోద్యోగము దొరకదని గ్రహించిన ఎలెన్, ఆ పనికి నర్సులను తీసికొనుమని సూచించెను. ఆనాటి విమానములు మేఘములకు దిగువనే ఎగురుచు, గాలికి ఊగిసలాడుచుండెను. లోనున్నవారికి వాంతులు, తలత్రిప్పుట, ప్రాణభయము తప్పెడివి కావు. అనారోగ్యమునకు చికిత్స చేయగల నర్సు వెంటనున్న మేలు గదా! అదిగాక, ఒక స్త్రీ నిర్భయముగా విమానములో తిరుగాడుచుండగా, భయపడుటకు పురుషులు సిగ్గుపడుదురు. ఈ రెండు వాదములును స్టింప్సన్‌కు నచ్చెను. పై అధికారులు మొదట నిరాకరించి, పిదప మూడు నెలల పరీక్షకు ఒప్పుకొనిరి.

ఎనమండుగురు నర్సులు ఎంపికైరి. వారికి పెట్టిన నిబంధనలు విచిత్రములు. వయస్సు ఇరువదియైదు దాటరాదు, వివాహమై యుండరాదు, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళములు, బరువు 115 పౌనులు మించరాదు. విమానము ఇరుకు, బరువు పెరిగినకొలది ఎగురుట కష్టము. అందుచే ఎత్తునకు, బరువునకు కొంత కారణము కలదు. అవివాహిత కావలెనను నియమమునకు మాత్రము యంత్రశాస్త్రమున కారణము కానరాదు. నెలకు నూరుగంటల ప్రయాణమునకు జీతము 125 డాలర్లు.

1930 మే 15వ తేదీన ఓక్లాండ్ నుండి చికాగోకు బయలుదేరిన బోయింగ్ 80ఏ విమానములో ఎలెన్ తన కొలువు ప్రారంభించెను. మూడు యంత్రములు గల ఆ విమానమున ప్రయాణికులు పదునలుగురు. దారిలో పదమూడు తావుల ఆగుచు గమ్యము చేరుటకు ఇరువది గంటలు పట్టెడిది. ఆహారము వడ్డించుట, రోగులను ఊరడించుట మాత్రమే ఆ నర్సుల పని కాదు. సామానులు మోయవలెను, వదులైన ఆసనముల మరలు బిగింపవలెను, ఇంధనము నింపుటలో సాయపడవలెను, విమానమును షెడ్డులోనికి నెట్టుటలో చేయి వేయవలెను. స్నానగృహపు తలుపనుకొని బయటి తలుపు తెరవకుండ ప్రయాణికులను కనిపెట్టియుండవలెను. మూడు నెలల పరీక్ష నెగ్గినది. కొలది సంవత్సరములలోనే ఇతర సంస్థలును ఈ పద్ధతిని అవలంబించెను.

ఇచట ఆలోచింపదగిన విషయమొకటి కలదు. స్త్రీ విమానములోనికి ప్రవేశించుటకు ఎలెన్ చూపిన కారణము, స్త్రీ ధైర్యము చూచి పురుషుడు ధైర్యము తెచ్చుకొనునని. నైపుణ్యము గూర్చి ఆమె వాదించినను వినువారు లేరు గనుక, వినబడు వాదమునే వినిపించెను. ఆ యుక్తి ఫలించినది. కాని అదే యుక్తి స్త్రీ స్థానము ప్రయాణికుల నడుమనేగాని, చోదకాసనము కాదను భావమును స్థిరపరచినది. ఒక తలుపు తెరచుకొనుచునే మరియొక తలుపునకు గడియపడినది. దీనికి ఎలెన్‌ను తప్పుపట్టుట న్యాయము కాదు. కాని తెరచిన తలుపునే గొప్పగా చెప్పి, గడియపడిన తలుపును మరచుటయు న్యాయము కాదు.

పదునెనిమిది నెలలకే ఒక కారు ప్రమాదమున గాయపడి ఆమె ఆ ఉద్యోగమును విడువవలసి వచ్చెను. తిరిగి మిన్నెసోటా చేరి, నర్సుల విద్యలో పట్టము పొంది, 1936 నుండి మిల్వాకీలోని ఆసుపత్రిలో శిశువిభాగ పర్యవేక్షకురాలిగ పనిచేసెను. రెండవ ప్రపంచయుద్ధమున సైనిక నర్సుల దళమునందు చేరి, ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములలో గాయపడిన సైనికులను విమానములలో తరలించు కార్యమున పాల్గొనెను. కెప్టెను హోదా, ఎయిర్ మెడల్ అను పతకము ఆమెకు లభించెను. యుద్ధానంతరము ఇండియానా రాష్ట్రమున టెర్రహోట్ పట్టణపు యూనియన్ ఆసుపత్రిలో నర్సుల విభాగమునకు అధిపతి అయ్యెను. అవివాహలే పరిచారికలు కావలెనను నియమమునకు లోబడి కొలువు చేసిన ఆమె, 1964లో ఒక బ్యాంకు అధ్యక్షుని వివాహమాడెను. మరుసటి యేడు 1965 ఆగస్టు 22వ తేదీన గుఱ్ఱము మీదినుండి పడి మరణించెను. క్రెస్కోలోని చిన్న విమానాశ్రయమునకు ఆమె పేరు పెట్టిరి. ప్రయాణిక విమానమును నడుపవలెనన్న ఆశ మాత్రము ఆమెతోనే పోయినది.

ఆ ఆశ కొరకు ప్రయత్నించిన ఇతరులు ఏమైరి? హెలెన్ రిచీ అను ఆమె 1934 డిసెంబరు 31న సెంట్రల్ ఎయిర్‌లైన్స్ విమానమును వాషింగ్టను నుండి డెట్రాయిటుకు నడిపెను. చోదకుల సంఘము ఆమెను సభ్యురాలిగ చేర్చుకొనలేదు. వాతావరణము బాగులేనపుడు ఆమెను నడుపనీయకుండ ఆటంకములు కల్పించిరి. మరుసటి సంవత్సరమే ఆమె రాజీనామా చేసెను. తరువాత 1973లో ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్ సంస్థ ఎమిలీ హోవెల్ వార్నర్‌ను నియమించువరకు అమెరికాలోని పెద్ద సంస్థలలో ఆ తలుపు తెరచుకొనలేదు.

మన దేశమున ఈ కథ హైదరాబాదునకు సంబంధించినది. నిజాం ప్రభుత్వమును, టాటా సంస్థయు కలిసి 1945లో స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్, బేగంపేట విమానాశ్రయము కేంద్రముగ నడచినది. 1947లో చోదక యోగ్యతాపత్రము పొందిన ప్రేమ్ మాథుర్, స్త్రీయన్న కారణమున అనేక సంస్థలు తిరస్కరింపగా, తుదకు ఈ సంస్థలో సహచోదకురాలుగ స్థానము పొందెను. 1949లో ఆమె జాతీయ విమానపు పందెమున గెలిచెను. అయినను విమానాధిపత్యము ఆమెకు ఇచ్చుటకు డెక్కన్ ఎయిర్‌వేస్ వెనుకాడెను; ఆమె ఆ కొలువును విడిచెను. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో లీనమయ్యెను. నేడు భారతదేశమున స్త్రీ చోదకుల నిష్పత్తి ప్రపంచపు సగటుకంటె అధికము.

ఇప్పుడు పరిచారిక చోదకురాలగుటకు అడ్డుగోడ నియమము కాదు, వ్యయము. వాణిజ్య చోదక యోగ్యతాపత్రమునకు వైద్యపరీక్ష, వ్రాతపరీక్షలతోపాటు రెండువందల గంటలు స్వయముగ విమానము నడుపవలెను. పరిచారికగ ఎన్ని వేల గంటలు గగనమున తిరిగినను, ఒక్క గంటయు ఆ లెక్కలోనికి రాదు. శిక్షణకు లక్షల రూపాయలు కావలెను. కొలువు చేసి కూడబెట్టిన ధనముతో, బ్యాంకు అప్పులతో ఈ మార్గమున నడచువారు కలరు.

నియమమేది, అశక్తతయేది అను వివేచనకు మణుగూరు ప్రాంతపు విద్యార్థులు దూరము పోనక్కరలేదు. వారి చెంతనే సింగరేణి బొగ్గుగనులున్నవి. 1952 నాటి గనుల చట్టము స్త్రీలు భూగర్భమున పనిచేయుటను నిషేధించెను. 2019లో కేంద్రప్రభుత్వము సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక పదవులలో వారు లోనికి దిగుటకు అనుమతి నిచ్చెను. ఆ అరువదియేడు సంవత్సరములలో స్త్రీ శక్తి మారలేదు, నియమము మారినది. ఎలెన్ చర్చ్ జీవితమును బోధించు ఉపాధ్యాయులు, ఆమె కల్పించిన ఉద్యోగముతోపాటు ఆమెకు దక్కని ఉద్యోగమునుకూడ చెప్పవలెను. అప్పుడే ఒక బాలిక తన ముందున్న తలుపును చూచి, అది మూసియున్నది తన చేతకానితనమువలన కాదని తెలిసికొనును.