మర కుదిర్చిన మనిషి

చలి దేశాల్లోని పాత ఇళ్లకు వెళ్తే గోడ వారగా బరువైన పోత ఇనుప రేడియేటర్లు కనిపిస్తాయి. కింద సెల్లార్‌లో బాయిలర్ ఉంటుంది. అక్కడ పుట్టిన ఆవిరి పైపులో పైకెక్కి రేడియేటర్‌ను వేడెక్కిస్తుంది. చల్లబడ్డాక నీరై మళ్లీ బాయిలర్‌కే చేరుతుంది. ఏళ్లు గడిచినా రేడియేటర్ చెక్కుచెదరదు గానీ, దానికి కలిపిన పైపు ముక్క తుప్పు పడుతుంది. అప్పుడేం చేస్తారు? పాతది విప్పేసి, బజారు నుంచి కొత్తది తెచ్చి బిగిస్తారు. అంతే!

ఆ ‘అంతే’ వెనక ఎంత కథ ఉందో ఎప్పుడైనా ఆలోచించారా? ముత్తాతల కాలంలో పోసిన ఇనుముకు, నిన్న మొన్న ఫ్యాక్టరీలో తయారైన పైపు ఎలా సరిపోతోంది? రెండింటి మీదా ఉన్న మర ఒకటే కాబట్టి. చుట్ల మధ్య దూరం ఒకటే, వాటి కోణం ఒకటే. ఇది దానంతటదే జరగలేదు. దేశం మొత్తానికీ ఒకే మర ఉండాలని ఒక మనిషి పట్టుబట్టారు. ఆయనే సర్ జోసెఫ్ విట్‌వర్త్. మెకానికల్ విద్యార్థులకు ఈ పేరు పుస్తకంలో ఎక్కడో తగిలే ఉంటుంది. ఆయనకు కాలేజీ చదువు లేదనీ, సొంత షెడ్డు తెరిచే ముందు పుష్కరకాలం ఇతరుల దగ్గర చేతిపని చేశారనీ మాత్రం చాలామందికి తెలియదు.

మిల్లు వదిలి వర్క్‌షాపుకు

విట్‌వర్త్ 1803 డిసెంబరు 21న ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో పుట్టారు. తండ్రి బడిపంతులు. చిన్నతనంలోనే తల్లి పోయింది. పద్నాలుగేళ్లకు బంధువులు ఆ కుర్రాణ్ని డెర్బీషైర్‌లో మేనమామ నూలు మిల్లులో పనికి పెట్టారు. పని నేర్చుకుంటే రేపు మిల్లు వ్యవహారాలు చూసుకోవచ్చన్నది పెద్దల ఆలోచన. మన భాషలో చెప్పాలంటే ‘సెటిల్’ అయిపోయినట్టే!

కుర్రాడి మనసు మాత్రం నూలు మీద లేదు, దాన్ని వడికే యంత్రాల మీద ఉంది. వాటిని విప్పడం, బాగుచేయడం బాగానే ఒంటబట్టింది. కానీ ఆ యంత్రాల పనితనం నాసిరకంగా ఉందని అతడికి అర్థమైపోయింది. కొన్నేళ్లకు మిల్లు వదిలేసి మాంచెస్టర్ వెళ్లి మామూలు మెకానిక్‌గా చేరాడు. హోదా పరంగా చూస్తే ఇది దిగడమే. నేర్చుకోవడం పరంగా చూస్తే ఎక్కడం.

1825లో పెళ్లయింది. అదే ఏడాది లండన్ చేరి, అప్పట్లో యంత్రాల తయారీలో పేరుమోసిన హెన్రీ మాడ్‌స్లే వర్క్‌షాపులో చేరారు. ఆ తర్వాత హోల్ట్‌జాఫెల్ దగ్గర, అటుపైన జోసెఫ్ క్లెమెంట్ దగ్గర పనిచేశారు. చార్లెస్ బాబేజ్ గణన యంత్రానికి భాగాలు తయారైంది ఈ క్లెమెంట్ వర్క్‌షాపులోనే. గమనించారా? ఊరికే ఉద్యోగాలు మారలేదు. ప్రతి చోటా ఆ పనిలో మేటి అనిపించుకున్నవారి పక్కన నిలబడ్డారు.

మూడు పలకల పాఠం

లండన్‌లో ఆయన పట్టుకున్న సమస్య వినడానికి చిన్నది. ఇనుప పలకను పూర్తిగా చదునుగా చేయడం ఎలా? పలక చదునుగా లేకపోతే దాని మీద పెట్టి కొలిచేవన్నీ తప్పే. రెండు పలకలు ఒకదానికొకటి అతికినట్టు కూర్చున్నంత మాత్రాన రెండూ చదునని చెప్పలేం. ఒకటి కాస్త ఉబ్బి, రెండోది అంతే లోతుగా ఉన్నా చక్కగా కూర్చుంటాయి.

దీనికి మూడో పలక కావాలి. మూడింటినీ జతలు మార్చి మార్చి ఒకదానిపై ఒకటి పెట్టాలి. రంగు పూసి, ఎక్కడ తగిలితే అక్కడ ఎత్తు ఉన్నట్టు గుర్తించాలి. ఆ ఎత్తును చేతితో కొద్దికొద్దిగా గీకాలి. ఏ జత చూసినా సరిగ్గా కూర్చున్నాయంటే మూడూ చదునే, వేరే దారి లేదు. అప్పటిదాకా ఇసుకపొడి వేసి రుద్దేవారు. రుద్దడం కాదు, గీకడమే సరైన దారని విట్‌వర్త్ చూపించారు. మెట్రాలజీ ల్యాబ్‌లో మీరు చూసే సర్ఫేస్ ప్లేట్ వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఎవరి మర వారిదే

1833లో మాంచెస్టర్ తిరిగొచ్చి చోర్ల్‌టన్ వీధిలో సొంత వర్క్‌షాపు తెరిచారు. లేత్‌లు, ప్లేనింగ్ యంత్రాలు చేసి అమ్మేవారు. దేశంలో రైళ్లు, మిల్లులు, ఆవిరి యంత్రాలు జోరుగా పెరుగుతున్న రోజులవి. కానీ మరల విషయంలో మాత్రం ఎవరి రాజ్యం వాళ్లదే. ఒక వర్క్‌షాపు బోల్టుకు ఇంకో వర్క్‌షాపు నట్టు పట్టదు. యంత్రంలో ఒక బోల్టు పోతే దాన్ని చేసినవారినే వెతుక్కోవాలి. లేదా దానికి సరిపోయేది ప్రత్యేకంగా కోయించుకోవాలి. డబ్బూ దండగే, రోజులూ దండగే.

మాడ్‌స్లే, క్లెమెంట్ తమ వర్క్‌షాపుల్లో మరలకు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆ ఆలోచనను నాలుగు గోడలు దాటించి దేశానికి పనికొచ్చేలా చేసింది విట్‌వర్త్. ఆయన ఏం చేశారో చూడండి. నా మరే గొప్పది, అందరూ ఇదే వాడండి అనలేదు. ఎన్నో వర్క్‌షాపుల నుంచి స్క్రూలు సేకరించి, వాటిని కొలిచి, సగటు తీశారు. ఎవరూ తమ పద్ధతిని మరీ ఎక్కువగా మార్చుకోవాల్సిన అవసరం లేని మధ్యేమార్గం అది. మర కోణం 55 డిగ్రీలు. పావు అంగుళం బోల్టుకు అంగుళానికి 20 చుట్లు, అర అంగుళానికి 12, అంగుళం బోల్టుకు 8. దీన్ని 1841లో లండన్‌లోని సివిల్ ఇంజినీర్ల సంస్థ ముందు పెట్టారు. రైల్వే వర్క్‌షాపులు అందుకున్నాయి. రెండు దశాబ్దాలు తిరిగేసరికి బ్రిటన్‌లో అదే వాడుక మరైపోయింది.

పైపు దగ్గరికొస్తే

బ్రిటన్‌లో పైపు మరలకూ ఇదే 55 డిగ్రీల రూపాన్ని తీసుకున్నారు. విట్‌వర్త్ పోయాక, 1905లో అది బ్రిటిష్ ప్రమాణంగా అచ్చయింది. మన ఇళ్లలోని జీఐ పైపులకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 554లో ఉన్నదీ ఆ మరే.

అమెరికా వేరే దారి పట్టింది. 1864లో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల మరను ప్రతిపాదించారు. అక్కడి పైపు మర రాబర్ట్ బ్రిగ్స్ పేరుతో స్థిరపడింది, దాని కోణమూ 60 డిగ్రీలే. ఇక్కడే అసలు చిక్కు. అర అంగుళం పైపుకు బ్రిటిష్ మరలోనూ అంగుళానికి 14 చుట్లే, అమెరికన్ మరలోనూ 14 చుట్లే. అందుకే ఒకదానిలో ఒకటి ఎక్కుతుంది, సరిపోయిందనే అనిపిస్తుంది. కోణం తేడా వల్ల ఆవిరి రాగానే కారుతుంది. అంగుళం పైపుకైతే 11, పదకొండున్నర. రెండు మూడు చుట్లు తిరిగి పట్టేస్తుంది. బలవంతంగా తిప్పితే పాత రేడియేటర్ మర పాడవుతుంది. పైపు పోతే కొత్తది దొరుకుతుంది, పాతకాలపు రేడియేటర్ దొరకడం కష్టం.

న్యూయార్క్ ఇంట్లోనైనా, లండన్ ఇంట్లోనైనా అనుభవమున్న పనివాడు ముందు థ్రెడ్ గేజ్ పెట్టి చూస్తాడు. ‘అర అంగుళం’ అన్న పేరును నమ్మడు, ఎందుకంటే ఆ పైపు బయటి కొలత దాదాపు 21.3 మిల్లీమీటర్లు. ఆవిరి వచ్చేదీ నీరు తిరిగి వెళ్లేదీ ఒకే పైపైతే, పాతదానికంటే సన్నది వేయడు. నీరు వెనక్కి జారేలా వాలు ఉంచుతాడు. వాలు తప్పితే నీరు నిలిచి, ఆవిరి తగిలినప్పుడల్లా పైపు సుత్తితో కొట్టినట్టు మోగుతుంది.

గెలుపులే కాదు

విట్‌వర్త్ జీవితమంతా పూలబాటేం కాదు. ఆరు పలకల గొట్టంతో ఆయన చేసిన తుపాకీ 1857 పరీక్షల్లో సైన్యం వాడుతున్న ఎన్‌ఫీల్డ్‌ను గురిలో ఓడించింది. అయినా బ్రిటిష్ ప్రభుత్వం తీసుకోలేదు. ఖరీదు ఎక్కువ, గొట్టంలో మసి త్వరగా పేరుకుంటుంది అన్నారు. మొండివాడన్న పేరూ ఆయనకు ఉండేది. ఆ మొండితనమే అంగుళంలో పది లక్షల వంతు తేడాను పట్టే కొలత యంత్రాన్ని చేయించింది.

1868లో ఆయన పేద, ధనిక తేడా లేకుండా యువ ఇంజినీర్లకు స్కాలర్‌షిప్‌లు పెట్టారు. ఏడాదికి వంద పౌండ్ల చొప్పున 30. వాటికి ఒక షరతు ఉంది. సిద్ధాంతంలో పరీక్ష రాయాలి, చేతిపనిలోనూ నెగ్గాలి. రెండింటిలో ఒకటే వస్తే చాలదు. ఆ స్కాలర్‌షిప్‌లు ఇప్పటికీ బ్రిటన్‌లో కొనసాగుతున్నాయి. 1887 జనవరి 22న మాంటెకార్లోలో ఆయన కన్నుమూశారు. పిల్లలు లేరు. ఆస్తిలో చాలా భాగం విద్యకూ ప్రజల అవసరాలకూ వెళ్లింది. మాంచెస్టర్‌లో విట్‌వర్త్ ఆర్ట్ గ్యాలరీ, పార్కు అలా వచ్చినవే.

మరి మీకేంటి?

బోల్టుల విషయంలో ఇప్పుడు చాలా చోట్ల 60 డిగ్రీల మెట్రిక్ మర వచ్చేసింది. పైపుల్లో మాత్రం విట్‌వర్త్ రూపం నిలిచింది. గోడల్లో, నేలలో ఉన్న పాత పైపులన్నీ పీకి కొత్తవి వేయలేం కదా! ప్రమాణం అంటే పరీక్షకు బట్టీపట్టే అంకె కాదని, పాతవారికీ కొత్తవారికీ మధ్య కుదిరిన ఒప్పందమని దీన్నిబట్టి తెలుస్తుంది. మెయింటెనెన్స్, ఏసీ, పైపింగ్, క్వాలిటీ... మీరు ఏ విభాగంలో ఉద్యోగం కోసం చూస్తున్నా, ఇంటర్వ్యూ చేసేవారు తెలుసుకోవాలనుకునేది ఒకటే: అంకె తెలిసినవారా, వస్తువు పట్టుకుని చూసినవారా అని.

ఐటీఐ అయినా, డిప్లొమా అయినా, బీటెక్ అయినా ఈ వారం ఒక పని చేయండి. దగ్గర్లోని శానిటరీ షాపుకెళ్లి అర అంగుళం జీఐ నిపుల్ ఒకటి కొనండి. మర పక్కన స్కేలు పెట్టి అంగుళంలో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టండి. పద్నాలుగు వస్తే మీరు సరిగ్గా కొలిచినట్టే.